మారిన ఫ్యాక్టరీ, మారని లెక్క

(గనిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేసిన ఒక పెద్దాయన జ్ఞాపకార్థం కాసిపేటలో చేసిన ప్రసంగ పాఠం)

భూగర్భ గనిలో గాలికి ఒక లెక్క ఉంది. ఎక్కువ మంది దిగే షిఫ్టును పట్టుకుని, మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. లేదంటే రోజుకు తీసే ఒక్కో టన్ను బొగ్గుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు అందాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే పాటించాలి. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన వాటిలోనూ ఈ లెక్క ఉంది. వెంటిలేషన్‌లో మార్పు జరిగిన ప్రతిసారీ గాలిని మళ్ళీ కొలవాలి. పని స్థలాల నుంచి తిరిగి బయటికి పోయే రిటర్న్ గాలిలో మండే వాయువు 0.75 శాతం దాటకూడదు. గనిలో ఎక్కడా 1.25 శాతం మించకూడదు.

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆ పెద్దాయన ఉద్యోగమంతా ఈ లెక్కతోనే గడిచింది. మైనింగ్ సర్దార్ అంటే షిఫ్టు మొదలయ్యే ముందే పని స్థలానికి వెళ్ళి పైకప్పు చూడాలి, గ్యాస్ చూడాలి, గాలి ఆడుతున్నదో లేదో చూడాలి. ఆయన సరేనంటేనే కార్మికులు పనిలోకి దిగుతారు. బొగ్గు ఉత్పత్తి పెరిగితే గాలి పెరగాలన్నది ఆ కొలువులో తర్కించే విషయం కాదు. పెరగకపోతే పని ఆగుతుంది.

అదే సర్దార్ షిఫ్టు దిగి ఇంటికొచ్చాక పీల్చే గాలికి ఈ లెక్క వర్తించదు. నేల మీద ఒక ఫ్యాక్టరీ రెండింతలైతే చుట్టుపక్కల ఊళ్ళ గాలిని ఎవరు కొలుస్తారు? ఏ ఆధారంతో కొలుస్తారు? కొలిచి ఏం చేస్తారు? ఈ ప్రసంగం ఆ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

కాసిపేట మండలానికి ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. ఒక పక్క సింగరేణి మందమర్రి ఏరియా కింద కాసిపేట గనులున్నాయి. మరో పక్క దేవాపూర్‌లో సున్నపురాయి నిల్వల పక్కనే సిమెంటు కర్మాగారం ఉంది. అది 1982లో మొదలైంది. వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది 1981లో. అంటే ఆ చట్టానికీ దేవాపూర్ చిమ్నీకీ దాదాపు ఒకటే వయసు. ఆ నాలుగు దశాబ్దాల్లో కర్మాగారం విడతలు విడతలుగా పెరిగింది. సొంత విద్యుత్ కేంద్రం పెట్టుకుంది. 2012లో ఓరియంట్ పేపర్ నుంచి విడిపోయి ఓరియంట్ సిమెంట్‌గా వేరే కంపెనీ అయింది. 2024 అక్టోబర్‌లో అంబుజా సిమెంట్స్ దాన్ని కొంటున్నట్లు ప్రకటించి, మరుసటి ఏడాది చేతుల్లోకి తీసుకుంది. ఊరు మాత్రం అక్కడే ఉంది.

యాజమాన్యం మారితే పాత షరతుల సంగతేమిటన్న అనుమానం ఇలాంటప్పుడు చాలామందికి వస్తుంది. దీనికి చట్టంలో స్పష్టమైన జవాబే ఉంది. వాయు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పరిశ్రమను మరొకరికి బదిలీ చేస్తే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సమ్మతి కొత్త యజమానికే చెందుతుంది. మొదటి నుంచీ ఆయనకే ఇచ్చినట్లు షరతులన్నీ ఆయనకు అంటుకుంటాయి. పర్యావరణ అనుమతి కూడా అంతే, అవే షరతులతో బదిలీ అవుతుంది. కొన్నవాడు ఆస్తితోపాటు బాధ్యతనూ కొన్నట్టే. ఇంతవరకు చట్టం బాగానే ఉంది. చిక్కంతా యజమాని మారినప్పుడు కాదు, యంత్రం మారినప్పుడు వస్తుంది.

1981 చట్టం ప్రకారం పరిశ్రమ పెట్టాలన్నా, నడపాలన్నా సాధారణంగా రాష్ట్ర మండలి సమ్మతి ముందే తీసుకోవాలి. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994 జనవరి 27న తొలి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, 2006 సెప్టెంబర్ 14న ఇప్పుడు అమల్లో ఉన్న నోటిఫికేషన్ వెలువడ్డాయి. 2006 నోటిఫికేషన్ మూడు రకాల పనులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. కొత్త ప్రాజెక్టు మొదటిది. ఉన్న ప్రాజెక్టు విస్తరణ, ఆధునికీకరణ రెండోది. ఉత్పత్తుల మేళవింపు మార్చడం మూడోది. ఏటా 10 లక్షల టన్నులు, అంతకు మించిన సిమెంటు కర్మాగారమైతే ఫైలు ఢిల్లీకి పోతుంది. చిన్నదైతే రాష్ట్ర స్థాయిలోనే తేలుతుంది.

కాగితం మీద చూస్తే ఇది గట్టి చట్టమే. కొత్తదాన్ని, మారినదాన్ని ఒకే వాక్యంలో కట్టేసింది. అయితే ఆ నోటిఫికేషన్‌లోనే 7(ii) అనే పేరా ఉంది. విస్తరణ దరఖాస్తు వచ్చినప్పుడు ప్రభావ అంచనా నివేదిక కావాలా, ప్రజాభిప్రాయ సేకరణ కావాలా అన్నది నిపుణుల కమిటీ 60 రోజుల్లో తేల్చాలని అది చెప్తుంది. కొత్త ఫ్యాక్టరీకి సాధారణంగా తప్పని మెట్లు పాత ఫ్యాక్టరీ పెరుగుదలకు కమిటీ విచక్షణ మీద ఆధారపడ్డాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళలో వచ్చిన సడలింపుల్లో చాలా భాగం ఈ సందులోంచే వచ్చాయి.

ఆ సడలింపుల దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి రామగుండం చూడాలి. మారిన పరిశ్రమను చట్టం ఎలా చూస్తుందో ఒక్క ఆవరణలో అర్థమయ్యే చోటు దేశంలో ఇంతకన్నా మంచిది దొరకదు.

రామగుండం ఎన్టీపీసీకి 1978లో మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్ వెలిగింది. 200 మెగావాట్లవి మూడు, తర్వాత 500 మెగావాట్లవి మూడు, ఇవన్నీ ఎనభైలలోనే వచ్చాయి. ఏడో యూనిట్ 500 మెగావాట్లది, 2004లో వచ్చింది. మొత్తం 2,600 మెగావాట్లు. రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన హామీ మేరకు అక్కడే 800 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లతో తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం వచ్చింది. దాని మొదటి యూనిట్‌ను ప్రధాని 2023 అక్టోబర్ 3న జాతికి అంకితం చేశారు.

కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబర్ 7న థర్మల్ కేంద్రాలకు కొత్త ఉద్గార ప్రమాణాలు ప్రకటించింది. అందులో యూనిట్లను పుట్టిన తేదీని బట్టి మూడు తరాలుగా విడదీసింది. 2003 డిసెంబర్ 31కి ముందు పెట్టిన యూనిట్ ఘనపు మీటరు పొగలో 100 మిల్లీగ్రాముల దాకా ధూళి వదలొచ్చు. 2004 నుంచి 2016 మధ్య వచ్చినది 50 దాటకూడదు. 2017 జనవరి 1 తర్వాత వచ్చినది 30 దాటకూడదు. ఇప్పుడు రామగుండం లెక్క చూడండి. మొదటి ఆరు యూనిట్లకు 100, ఏడో యూనిట్‌కు 50, కొత్త 800 మెగావాట్లవాటికి 30. నైట్రోజన్ ఆక్సైడ్లలోనూ అదే వరస. పాతవాటికి 600, మధ్య తరానికి మొదట 300 అని 2020లో 450కి పెంచారు, కొత్తవాటికి 100. సల్ఫర్ డయాక్సైడ్‌లో 500 మెగావాట్ల లోపు పాత యూనిట్లకు 600, ఆపై వాటికి 200, కొత్తవాటికి 100.

ఒకే ఆవరణ, ఒకే బొగ్గు, ఒకే గాలి. చిమ్నీకొక చట్టం. గోదావరిఖనిలో ఒక పసిపిల్ల ఊపిరితిత్తుల్లోకి పోయే ధూళి రేణువుకు తాను 1984 నాటి యూనిట్ నుంచి వచ్చానా, 2023 నాటి యూనిట్ నుంచి వచ్చానా అన్న తేడా ఉండదు.

పాతవాటికి ఎందుకీ వెసులుబాటు అంటే దానికి కారణం లేకపోలేదు. పాత బాయిలరు పక్కన కొత్త యంత్రాలు బిగించడానికి జాగా ఉండదు. ఖర్చు ఎక్కువ. కొన్నేళ్ళలో మూసేసే యూనిట్‌కు వందల కోట్లు పెట్టడం దండగన్న వాదన కూడా ఉంది. ఆ వాదనలో నిజముంది. కానీ అది చెల్లాలంటే ఒక షరతు నెరవేరాలి. ఆ పాత యూనిట్ నిజంగానే కొన్నేళ్ళలో మూతపడాలి. రామగుండంలోనే రాష్ట్రానికి చెందిన 62.5 మెగావాట్ల 'బి' థర్మల్ కేంద్రం 1971లో మొదలై 2024 దాకా నడిచింది. యాభై ఏళ్ళు దాటి. పాత యంత్రానికి 'కొన్నేళ్ళు' అంటే ఎంత సాగుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు.

ప్రమాణాలు వచ్చాక వాయిదాలు మొదలయ్యాయి. 2015లో పెట్టిన గడువు రెండేళ్ళు. అది 2022కు జరిగింది. 2021లో కేంద్రాలను ఏ, బీ, సీ వర్గాలుగా విడదీసి గడువులు మళ్ళీ మార్చారు. 2022లో మరోసారి, 2024 డిసెంబర్‌లో ఇంకోసారి జరిపారు. చివరికి 2025 జూలై 11న సల్ఫర్ ప్రమాణం విషయంలో సీ వర్గానికి, అంటే పెద్ద నగరాలకూ తీవ్ర కాలుష్య ప్రాంతాలకూ దూరంగా ఉన్న కేంద్రాలకు, చిమ్నీ ఎత్తు షరతు మీద మినహాయింపే ఇచ్చారు. దేశంలోని థర్మల్ కేంద్రాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ వర్గంలోనే ఉన్నాయి. మన బొగ్గులో సల్ఫర్ తక్కువన్నది ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. సల్ఫర్ శాతం తక్కువన్న మాట నిజమే. మరి ఒకే చోట వేల మెగావాట్లకు బొగ్గు మండుతున్నప్పుడు ఆ తక్కువ శాతాన్ని ఎన్ని టన్నులతో గుణించాలి?

ఆ గుణకారమే అసలు విషయం. మన ప్రమాణాల్లో చాలావరకు ఘనపు మీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక చిమ్నీ గంటకు 10 లక్షల ఘనపు మీటర్ల పొగ వదులుతుందనుకుందాం. ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున గంటకు 30 కిలోలు, రోజుకు 720 కిలోల ధూళి. పక్కనే అంతే సామర్థ్యంతో రెండో చిమ్నీ లేచింది. అదీ 30 దాటలేదు. రెండూ చట్టబద్ధమే, మండలి బోర్డు మీద రెండు అంకెలూ పచ్చగానే వెలుగుతాయి. ఊరి మీద పడే ధూళి మాత్రం రోజుకు 1,440 కిలోలు అయింది. గనిలో సర్దార్ లెక్క టన్నుతోపాటు పెరిగేది. చిమ్నీ లెక్కలో టన్ను కనబడదు, సాంద్రత ఒక్కటే కనబడుతుంది.

సిమెంటులోనూ తరాల తేడా ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్ల ప్రమాణాల్లో 2014 ఆగస్టు 25 తర్వాత వచ్చిన కిల్న్‌కు, అంటే సిమెంటు బట్టీకి, 600, అంతకుముందు వాటికి రకాన్ని బట్టి 800 లేదా 1,000 అన్నారు. బొగ్గుగనులకైతే 2000 సెప్టెంబర్‌లోనే విడిగా గాలి ప్రమాణాలు పెట్టి, పాత బొగ్గు క్షేత్రాలకు ఒక పరిమితి, కొత్త గనులకు ఇంకొంచెం గట్టి పరిమితి ఇచ్చారు. కాసిపేట లాంటి మండలంలో గని, సున్నపురాయి క్వారీ, కిల్న్, విద్యుత్ కేంద్రం, లారీల రోడ్డు అన్నీ కొద్ది కిలోమీటర్లలోనే ఉంటాయి. ఒక్కొక్కదానికీ విడివిడిగా రిజిస్టరు ఉంటుంది.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. అమెరికా దీనితో అర్ధశతాబ్దంగా కుస్తీ పడుతోంది, అక్కడి అనుభవం మనకు పనికొస్తుంది. 1970లో వాళ్ళ స్వచ్ఛమైన గాలి చట్టం కొత్త పరిశ్రమలకూ, మార్పు చేసిన పరిశ్రమలకూ గట్టి ప్రమాణాలు పెట్టింది. 1977లో సవరణలు చేసి, పెద్ద మార్పు చేస్తే ముందే సమీక్ష జరగాలంది. పాత కేంద్రాలను అప్పటికి వదిలేసింది. అవి ఎలాగూ అరిగిపోతాయి, మూతపడతాయి అన్నది నమ్మకం. జరిగింది వేరు. పాతదానికి కఠిన నిబంధనలు లేవు కాబట్టి పాతదాన్ని బతికించుకోవడమే లాభసాటి అయింది. మరమ్మతు పేరుతో బాయిలరు భాగాలు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయారు.

విస్కాన్సిన్‌లో పోర్ట్ వాషింగ్టన్ అనే విద్యుత్ కేంద్రం ఉండేది. 1935 నుంచి 1950 మధ్య పెట్టిన అయిదు యూనిట్లు, ఒక్కోటి 80 మెగావాట్లు. ఎనభైలలో కంపెనీ వాటి స్టీమ్ డ్రమ్ములు, ఎయిర్ హీటర్లు మార్చి ఆయుష్షు పెంచాలనుకుంది. ఇది మామూలు మరమ్మతేనంది. అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. 1990లో అప్పీళ్ళ కోర్టు కూడా ఇంత పెద్ద పని మామూలు మరమ్మతు కాదనే తేల్చింది. అయితే ఉద్గారాలను ఎలా అంచనా వేయాలన్న దగ్గర సంస్థ పద్ధతిని కొంతవరకు తప్పుపట్టింది.

అసలు మెలిక డ్యూక్ ఎనర్జీ కేసులో బయటపడింది. ఆ కంపెనీ పాత బాయిలర్లను బాగుచేసింది. గంటకు వదిలే పొగ పెరగలేదు కాబట్టి ఇది చట్టం చెప్పే మార్పు కాదంది. కానీ బాగుచేసిన బాయిలరు ఏడాదిలో ఎక్కువ గంటలు నడుస్తుంది. 2007 ఏప్రిల్ 2న అమెరికా సుప్రీంకోర్టు, గంట రేటునే చూడాలన్న నిర్బంధం లేదని, ఏడాది మొత్తం మీద వెలువడే టన్నులను లెక్కలోకి తీసుకోవచ్చని తీర్పిచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి ఆ తీర్పు మన రామగుండం లెక్కకు సూటిగా తగులుతుంది. ఆ దేశంలోనూ కథ అక్కడితో ముగియలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ నియమం బిగుస్తూ వదులవుతూ వచ్చింది. 1984లో అదే సుప్రీంకోర్టు షెవ్రాన్ కేసులో ఫ్యాక్టరీ మొత్తాన్ని ఒక బుడగ కింద ఉన్నట్టు లెక్కించడానికి ఒప్పుకుంది. ఒక చోట పెంచి మరో చోట తగ్గిస్తే, మొత్తం పెరగకపోతే సమీక్ష అక్కర్లేదన్నది దాని సారం. అది పరిశ్రమకు వెసులుబాటే. కానీ ఆ వెసులుబాటులో కూడా ఆవరణలోని 'మొత్తం' అనే మాట ఉంది. మన దగ్గర ఆ మాటే సరిగ్గా నిలబడలేదు.

ఇక తెలుగు నేల మీద జరిగినది. ఈ ప్రసంగంలో అన్నిటికన్నా బరువైన ఉదాహరణ ఇదే.

విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పెట్టారు. 1978లో అది మెక్‌డోవెల్‌లో కలిసింది. 1997లో కొరియా కంపెనీ ఎల్‌జీ కెమ్ కొని ఎల్‌జీ పాలిమర్స్ అని పేరు మార్చింది. ఉత్పత్తి పెరుగుతూ వచ్చింది. రాష్ట్ర మండలి సమ్మతులు అందుతూ వచ్చాయి. 2019 మేలో మరో విస్తరణకు దరఖాస్తు చేస్తూ కంపెనీ ఒక అఫిడవిట్ ఇచ్చింది. తాను చేస్తున్న ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని అందులో కంపెనీయే రాసుకుంది. ఆ కాగితం ప్రభుత్వ ఫైల్లో చేరింది. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది.

2020 మే 7 తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదికొచ్చింది. లాక్‌డౌన్ రోజులవి. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరుగెత్తి దారిలోనే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జూలై 6న నివేదిక ఇచ్చింది. ఎం-6 ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగునే కొలుస్తున్నారని, పై పొరల్లో ఏం జరుగుతున్నదో తెలియలేదని అది చెప్పింది. స్టైరీన్ గడ్డకట్టకుండా ఆపే రసాయనం నిల్వ లేదని చెప్పింది. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఒక్కటీ మోగలేదని చెప్పింది. వీటన్నిటి మధ్య ఒక చిన్న సంగతి ఉంది. అంతకు అయిదు నెలల ముందు, 2019 డిసెంబర్‌లో, ఆ ట్యాంకులో స్టైరీన్‌ను తిప్పే పైపుల అమరిక మార్చారు. ఆ మార్పుతో పై భాగానికి చల్లదనం సరిగా అందలేదు.

అంటే వెంకటాపురంలో రెండు మార్పులు జరిగాయి. ఒకటి పెద్దది, ఏళ్ళ తరబడి సాగిన విస్తరణ. దానికి పర్యావరణ అనుమతి లేదు. రెండోది చిన్నది, ఒక పైపు మార్పు. దాన్ని ఏ పర్యావరణ నోటిఫికేషనూ పట్టించుకోదు, ఎందుకంటే సామర్థ్యం పెరగలేదు. మారిన ఫ్యాక్టరీ విషయంలో సామర్థ్యం ఎంత శాతం పెరిగిందన్నదే చట్టం చూస్తే ఏం తప్పిపోతుందో ఆ రాత్రి తెలిసింది. గనిలో గాలిని మళ్ళించే ఒక బ్రాటిస్ గుడ్డ జరిపితే గాలి మళ్ళీ చూసుకోవాలి. వెంకటాపురంలో పైపు మారితే ఎవరు చూశారు?

జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రమాదం జరిగిన మరుసటి రోజే 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. తర్వాత, అనుమతి లేకుండా నడవనిచ్చిన అధికారులెవరో గుర్తించమంది. ఇలా ముందు నడిపి తర్వాత అనుమతి తెచ్చుకోవడం చెల్లదని 2020 ఏప్రిల్ 1న అలెంబిక్ ఫార్మా కేసులో సుప్రీంకోర్టు అప్పటికే చెప్పి ఉంది. 2025 మే 16న వనశక్తి కేసులో అదే మాట ఇంకా గట్టిగా చెప్పింది. ఆరు నెలలు తిరగగానే నవంబర్ 18న 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. నడుస్తున్న ప్రాజెక్టులు, పెట్టిన పెట్టుబడులు వృథా అవుతాయన్నది మెజారిటీ కారణం. ఆ నష్టం నిజమైనదే. అయితే అనుమతి లేని ఉత్పత్తి కింద బతికిన ఊళ్ళు ఇరవై ఏళ్ళుగా మోసిన నష్టాన్ని ఆ తక్కెడలో ఎక్కడ పెట్టారన్న ప్రశ్న ఇంకా తేలలేదు.

ఇప్పుడు ఆ సడలింపుల దగ్గరికి. 2021 మార్చి 2న వచ్చిన సవరణ ప్రకారం కాలుష్య భారం పెరగదని గుర్తింపు పొందిన ఆడిటరో సంస్థో ధ్రువపత్రం ఇస్తే, తయారీ రంగంలో సామర్థ్యం పెంచుకోవడానికి కొత్తగా పర్యావరణ అనుమతి అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 11న వచ్చిన మెమో, ఇదివరకే ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన ప్రాజెక్టులు అదే ఆవరణలో విడతలవారీగా 50 శాతం దాకా పెరగడానికి మళ్ళీ ప్రజల్ని అడగనక్కర్లేదంది, కొన్ని షరతులతో. బొగ్గుగనుల సంగతి ఇంకా ముందుది. 2017లోనే 40 శాతం దాకా విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు వచ్చింది. 2022 మే 7న, బొగ్గు కొరత రోజుల్లో, దాన్ని 50 శాతానికి పెంచారు.

ఈ సడలింపుల వెనక ఉన్న ఆలోచన చెడ్డదని చెప్పలేం. పాత బ్యాగ్ ఫిల్టరు తీసి మంచిది పెట్టేవాడిని, పాత కిల్న్ తీసేసి తక్కువ బొగ్గుతో నడిచేది కట్టేవాడిని ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిప్పితే నష్టం ఊరికే. ఆధునికీకరణ జరగాలి. అభ్యంతరం ఒక్కటే. 'భారం పెరగదు' అన్న మాటను పరీక్షించాల్సింది పాత లెక్కతో పోల్చి కాదు. ఇప్పటికే ఆ ఊరి గాలిలో ఎంత భారం ఉందో దానితో పోల్చాలి. 2009 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. పీఎం 10 అయితే 60. ఒక ఊళ్ళో గాలి అప్పటికే ఆ గీత దాటి ఉంటే, పెరగకుండా ఉన్నది కూడా ఎక్కువే. అలాంటి చోట ఫ్యాక్టరీ పెరగాలంటే పాత యూనిట్లనుంచే తగ్గించి చోటు చేసుకోవాలి. ఎనభైల నాటి కిల్న్‌ను ఇప్పటి ప్రమాణానికి తేవడమే కొత్త లైనుకు టికెట్టు కావాలి. ఇది ఈ ప్రసంగం చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. పెరిగేదాన్ని కాదు, పెరిగాక ఉండే మొత్తాన్ని చూడాలి. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పాత నియంత్రణ పరికరాలను మార్చమని, మెరుగుపరచమని ఆదేశించే అధికారం, సాంకేతికత మెరుగైనప్పుడు సమ్మతి షరతులను మార్చే అధికారం వాయు చట్టం 21వ సెక్షన్‌లోనే రాష్ట్ర మండలికి 1981 నుంచీ ఉన్నాయి.

ఉన్న అధికారాన్ని వాడకపోతే అడిగేవాళ్ళు కావాలి. అడిగే చోటు ప్రజాభిప్రాయ సేకరణ. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. స్థానిక భాషలో సారాంశం అందుబాటులో ఉండాలి. కలెక్టరు గానీ, ఆయన తరఫున తగిన హోదా ఉన్న అధికారి గానీ అధ్యక్షత వహించాలి. చెప్పిన ప్రతి అభ్యంతరం మినిట్స్‌లో చేరాలి. ఈ ప్రాంతంలో ఇలాంటి సభలు చాలా జరిగాయి. వాటిల్లో ఎక్కువగా వినబడేది ఉద్యోగాల మాట, అది న్యాయమైన మాటే. నిర్వాసితులకు కొలువు, భూమికి ధర, బ్లాస్టింగ్‌కు పగిలిన గోడకు పరిహారం. గాలి మాట వచ్చేసరికి 'దుమ్ము ఎక్కువైంది సారూ' అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఆ దుమ్ము ఏ చిమ్నీది, ఎన్ని కిలోలు, పాత లైను ఎంత, కొత్త లైను ఎంత అన్నది అడగడానికి అంకెలు చేతిలో ఉండాలి. సడలింపుల్లో చెప్పిన శాతాల లోపు విస్తరణలకు ఈ సభ కూడా లేకపోతే ఆ ఒక్క వాక్యం చెప్పే చోటూ పోతుంది.

సభ లేకపోయినా మిగిలే దారి ఒకటుంది, దాన్ని మనం తగినంతగా వాడుకోలేదు. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి యాజమాన్యం షరతులు ఎలా పాటిస్తున్నదో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం అవి బహిరంగ పత్రాలు. దేవాపూర్ చిమ్నీలకూ, మందమర్రి గనులకూ, జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రానికీ అవి ఉండాలి. ఒక్కో నివేదికను విడిగా చదివితే అంతా పరిమితిలోనే ఉన్నట్టు కనిపించవచ్చు. వాటిని పక్కపక్కన పెట్టి, మిల్లీగ్రాములను పొగ పరిమాణంతో గుణించి, టన్నులుగా కూడాలి. హైస్కూలు లెక్కలు వచ్చినవాళ్ళు చేయగల పని అది. సింగరేణి కాలనీల్లో వెంటిలేషన్ సర్వేలు చేసి రిటైరైనవాళ్ళున్నారు, వాళ్ళకు గాలిని కొలవడం కొత్త కాదు. ఈ మండలంలో డిగ్రీ చదువుతున్న పిల్లలూ ఉన్నారు. ఆ పెద్దలూ ఈ పిల్లలూ కలిసి కూర్చుంటే, రాబోయే డిసెంబర్ 1 నాటి నివేదికలతో కాసిపేట మండలం మీద ఏడాదికి ఎన్ని టన్నుల ధూళి, ఎంత సల్ఫర్, ఎంత నైట్రోజన్ ఆక్సైడ్లు పడుతున్నాయో ఒక పట్టిక తయారవుతుంది. తర్వాతి విస్తరణ దరఖాస్తు వచ్చినప్పుడు ఆ పట్టికను మండలి ముందు, కలెక్టరు ముందు పెట్టవచ్చు. ఈ స్మారక సభ ఏర్పాటు చేసినవారు ఆ పనికి ఒక గది, ఒక కంప్యూటరు ఇస్తామని ముందుకొస్తే, మొదలుపెట్టడానికి కావలసిన మనుషులు ఈ సభలోనే ఉన్నారు.